నర్సవ్వ చేనులో నాలుగు మేకులు

1965 వానాకాలం. ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో నేను పంటల అంచనా చూసే ఫీల్డ్ అసిస్టెంటును. ఉద్యోగం టెంపరరీ, సైకిలు మాత్రం సొంతం. హుస్నాబాద్ దగ్గరి మా ఊరు వదిలి వచ్చి అప్పటికి మూడేళ్లయింది. "ఉత్తర తెలంగాణలో జొన్న పరిస్థితి సాధారణం" అని పేపర్లో ఒక లైను చదివి పేజీ తిప్పేవాళ్లకు, ఆ లైను వెనుక నాలాంటివాడు అరగదీసిన టైర్లు రెండు ఉంటాయని తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదనుకోండి. కానీ ఆ ఏడు ఆ లైను అబద్ధం కాబోయింది, తప్పు నాదే, అందుకని చెబుతున్నాను.

మా పనిలో రెండు భాగాలు. మొదటిది వారం వారం పంపే క్రాప్ రిపోర్టు. తాలూకా కచేరీ ఆవరణలో రెయిన్ గేజ్ ఉండేది. రెయిన్ గేజ్ అంటే పెద్ద విశేషమేమీ కాదు, పైన గరాటు, కింద సీసా. పొద్దున్నే సీసాలో చేరిన నీటిని కొలిచి రాయాలి. దానికి ఊళ్ల నుంచి వచ్చే కబుర్లు కలిపి విత్తనం ఎంతవరకు వచ్చింది, పైరు ఎట్లా ఉంది, పశువులకు మేత ఉందా అని కార్డు నింపితే అది ఆదిలాబాద్ చేరి, అక్కడి నుంచి హైదరాబాద్, ఢిల్లీ పోయేది.

రెండోది క్రాప్ కటింగ్. పంట ఎంత వచ్చిందని రైతును అడిగితే ఏమీ రాలేదంటాడు. బాగా పండిందని నోటితో చెబితే దిష్టి తగులుతుందని భయం. అందుకని అడగకుండా కోసి చూడటమే మా పద్ధతి. ముద్రించిన రాండమ్ నంబర్ల పుస్తకం ఒకటి మాకిచ్చేవారు. వరుసా వాయీ లేని అంకెలు, మనిషి ఇష్టాయిష్టాలు చొరబడకుండా ఉండటానికి. పుస్తకం చూపిన సర్వే నంబరు చేనుకు పోయి, పుస్తకం చెప్పినన్ని అడుగులు నిలువుగా, అడ్డంగా నడిచి, ఆగినచోట అయిదు మీటర్ల నలుచదరం కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి, లోపలి పంట కోసి తూచాలి. ఆ చదరంలో ఎంత వస్తే దాన్నిబట్టి ఊరి పంట.

ఇందులో ఒక గట్టి నియమం ఉంది. చేను ముందే తెలిసినా, చదరాన్ని కోత రోజునే గుర్తుపెట్టాలి. ట్రైనింగులో ఈ మాట మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ నోట్సులో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన చేస్తామా? నా చేతికింద పదహారు ఊళ్లు. కోతలన్నీ ఒక్కసారే మీదపడతాయి. మేకులు, తాళ్లు, త్రాసు మోసుకుని వాగులు దాటి తిరిగేసరికి ప్రాణం కడబట్టేది. అందుకని ఆ ఏడు ఒక తెలివైన పని చేశాను. కంకులు బయటపడే వేళ క్రాప్ రిపోర్టు కోసం ఎలాగూ తిరుగుతాను కదా అని, ఏడు ఊళ్లలో చదరాలు నెల ముందే కొలిచి మేకులు కొట్టేశాను. నా అంత సూక్ష్మం తెలిసినవాడు జిల్లాలో లేడనుకున్నాను.

ఆ ఏడింటిలో ఒకటి గుట్టకిందిపల్లె. చేను నర్సవ్వది. యాభై దాటిన మనిషి, మొగుడు పోయాడు. కోడలితో కలిసి రెండెకరాల జొన్న చేసుకునేది, కొడుకు బోథ్‌లో ఒక సేటు దగ్గర బండి తోలేవాడు. నేను మేకులు కొడుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఏంది సారూ గిది? నా చేను గుంజుకుంటరా ఏంది?"

"లేదవ్వా. గీ ముక్కల ఎంత పండితె మీ ఊళ్లె గంత పండినట్టు పైకి రాస్తం."

"పైకంటె?"

"హైదరాబాద్. ఆణ్నుంచి ఢిల్లీ."

"గీ జానెడు జాగ చూసి ఊరంతటికీ రాస్తరా?"

"గంతే," అన్నాను గొప్పగా. ఆమె మేకుల వంక చూసింది, చేను వంక చూసింది. నేను సైకిలెక్కాను.

ఆ ఏడు మిర్గం, అంటే మృగశిర కార్తె, బాగానే కురిసింది. విత్తనాలు సమయానికి పడ్డాయి. మొదట్లో నా కార్డులన్నిటిలోనూ "సంతృప్తికరం" అనే రాశాను. పుబ్బలో మొహం చాటేసిన వాన ఉత్తరలోనూ రాలేదు. మా రెయిన్ గేజ్ సీసాలో సాలీడు గూడు పెట్టింది. నల్లరేగడి నెర్రెలు విచ్చింది, జొన్న కంకి బయటికి వచ్చి పాలు పట్టకుండానే ఎండిపోవడం మొదలైంది. నవంబరులో తాలూకా కచేరీ నుంచి ఒక మాట తెలిసింది. కరువు ఊళ్ల జాబితా తయారవుతోందని, దానికి ఈసారి మా క్రాప్ కటింగ్ లెక్కలే చూస్తారని. జాబితాకెక్కిన ఊరికి చౌక ధాన్యం దుకాణం, పశువులకు గడ్డి, రోడ్డు పని వస్తాయి. ఎక్కని ఊరికి ఏదీ రాదు.

కోత రోజు గుట్టకిందిపల్లెకు పోయేసరికి నర్సవ్వ చేను దగ్గర పది పదిహేను మంది ఉన్నారు. పట్వారీ విఠల్‌రావు గారు కూడా వచ్చారు. ఆ ఊరి భూముల లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. దారి పొడుగునా ఎండి వాలిన చొప్ప, వేలెడు కంకులు చూస్తూ వచ్చాను. నర్సవ్వ చేనూ అంతే. నా నాలుగు మేకుల మధ్య మాత్రం జొన్న పచ్చగా నిలబడి ఉంది. పిడికిట్లో పట్టనంత కంకులు. పిట్టలు వాలకుండా పైన పాత చీర ముక్కలు కట్టి ఉన్నాయి.

వంగి మట్టి పట్టుకున్నాను. తడిగా ఉంది.

"నీళ్లు పోసినవా అవ్వా?"

"పొయ్యకుంటె ఎట్ల?" అంది నర్సవ్వ. "ఢిల్లీకి పొయ్యే ముక్కాయె. వాగుల చెలిమె తోడి పొద్దుకు ఇరవై కడవలు పోసినం, నేనూ నా కోడలూ. పాణం బాగలేనినాడు పక్కింటోళ్లు పోసిండ్రు. ఊరి ఇజ్జత్ సారూ, నా ఒక్కదాన్దే కాదు."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అందరి మొహాల్లో ఇంత వెలుగు. ఇంటికి చుట్టమొస్తే ఉన్న నాలుగు గింజలూ దంచి అన్నం పెట్టే మనుషులు వాళ్లు. సర్కారు వచ్చి చూస్తానంటే ఎండిన కంకి ఎట్లా చూపిస్తారు? నాకు సిగ్గేసింది. నెల రోజులు ఇద్దరాడవాళ్లు, తాగడానికే కరువైన నీళ్లు, వాగు నుంచి చేనుకు మోసిన దూరం. అంతా నా సైకిలు ప్రయాణం ఒకటి తగ్గించుకోవడానికి.

చెప్పక తప్పలేదు. ఈ ముక్క తూస్తే ఊరు పండిందని పోతుందనీ, పండిన ఊరికి దుకాణం రాదు, గడ్డి రాదు, పని రాదనీ చెప్పాను. నర్సవ్వ గట్టు మీద కూలబడింది.

"అంటె నా చేతుల్తోటి ఊరి నోట్ల మన్ను గొట్టిన్నా?"

"నువ్వు కాదవ్వా, నేను," అన్నాను.

పట్వారీ గారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. "గీంత దానికి పరేషాన్ ఎందుకు సారూ? అవతలి మూలన కోసి తూచుండ్రి, గీ చదరం కిందనే రాసుకోండ్రి. అబద్ధం గూడ కాదాయె. ఊరంతా గట్లనే ఉన్నది."

నిజమే, అలా రాస్తే ఊరికి న్యాయమే జరిగేది. నా టెంపరరీ ఉద్యోగానికీ ఏమీ కాదు. అప్పటికే పెన్ను తీశాను కూడా. కానీ మేకులు కొట్టింది ఒక్క ఊళ్లో కాదే. మిగతా ఆరు ఊళ్లలో ఎవరేం చేశారో? ఒకచోట నీళ్లు పోసి ఉండవచ్చు, ఒకచోట సర్కారు ముక్క అని కలుపు కూడా తీయకుండా వదిలి ఉండవచ్చు. ఇక్కడ నాకు తోచిందొకటి రాస్తే, అక్కడ ఏం రాయాలి? పెన్ను జేబులో పెట్టుకున్నాను.

"పైన చెప్పి వస్త, నాలుగు దినాలు కోత ఆపుండ్రి," అని ఊరివాళ్లను అడిగాను, మిగతా ఆరు ఊళ్లకూ అదే కబురు పంపాను. ఎండిన కంకి నాలుగు రోజులు నిలబెడితే ఉన్న గింజ పిట్టల పాలవుతుంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఆపుతం," అంది నర్సవ్వ, మిగతావాళ్లు నోరు తెరిచేలోపే. "నేను మంచె దిగ, ఫికర్ చెయ్యకు. నువ్వైతె పొయ్యి రా."

ఆదిలాబాద్‌లో మా ఇన్‌స్పెక్టర్ గారు గుంటూరు వైపు మనిషి, మాట తక్కువ. నేను రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివారు.

"ఏడు గ్రామాల్లోనా?"

"అవునండి."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదయ్యా?"

"తెలిసేది కాదండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపు బయలుదేరదాం. ఆ నంబర్ల పుస్తకం నా చేతికివ్వు," అన్నారు.

రెండు రోజుల్లో ఏడు ఊళ్లూ తిరిగాం. ఒక ఊళ్లో నేను అనుకున్నట్టే జరిగింది, ఎందుకొచ్చిన గొడవని ఆ చదరం జోలికే పోలేదు, లోపల గడ్డి మొలిచింది. గుట్టకిందిపల్లెలో ఆయనే పుస్తకం తెరిచి, ఆయనే అడుగులు వేసి, చేను ఇంకో కొసన ఆగారు. కోశాం, నూర్చాం, తూచాం. అరకిలో మీద కొంచెం. ఆయన త్రాసు వంక చూసి, "ఇదీ పంటేనా" అని తనలో తాను అనుకున్నారు. నా చేతనే లెక్క రాయించి, కింద తను సంతకం చేశారు. ఊరు జాబితాకెక్కింది. నా సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక కూడా ఎక్కింది. రెండూ న్యాయమే.

ఆ రోజు మేం కదలబోతుంటే నర్సవ్వ మొదటి చదరం కోసుకుని గంపతో ఎదురొచ్చింది.

"మరి గీ జొన్నలు దేంట్ల రాస్తరు సారూ?"

ఇన్‌స్పెక్టర్ గారు నా వంక చూశారు. నా ఫారంలో అన్నిటికీ గడులున్నాయి, వానకు, విత్తనానికి, చీడకు. మోసిన నీళ్లకు లేదు.

"దేంట్లనూ రాయమవ్వా," అన్నాను.

"రాయకుంటె మానె. విత్తనానికి ఉంచుకుంట," అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మరుసటేడు మిర్గానికి విత్తనం లేని నాలుగిళ్లకు అందులోంచే తలా ఇంత పంచిందని తరువాత విన్నాను.

ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ఉద్యోగమే చేశాను. మనం చూస్తామని చెప్పినచోట జనం ఉన్నదంతా తెచ్చి పోస్తారు, చూడనిచోట పైరు ఎండిపోతుంది. చూసేవాడు ఎక్కడ చూస్తాడో ముందే చెప్పకూడదని నాకు నేర్పింది ట్రైనింగు కాదు, నర్సవ్వ కడవలు. ఏ పట్టికలోనైనా ఒక అంకె ఎత్తుగా కనిపిస్తే, అక్కడికి నీళ్లు ఎవరు మోశారోనని ముందు అడగడం అప్పటి నుంచే అలవాటైంది.

మరుసటేడు కంకుల వేళకు అదే దారిన పోతుంటే, వాన బాగా పడి ఆమె చేను ఒక మాదిరిగా ఉంది. మంచె మీది నుంచి పిలిచింది.

"మేకులు తెచ్చినవా సారూ?"

"తెచ్చిన అవ్వా, సంచిల ఉన్నయి."

"ఈసారి ఎవరి చేనుకు వచ్చిందో, యాడ కొడతవో నాకైతె చెప్పకు," అంది. "చెప్తె మల్ల పోస్తా."

నేను చెప్పలేదు.