గీత దాటని తడి

దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నాన్న చర్చిలో వాక్యం చదివే మనిషి. నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే బైబిల్ ఎదురుగా పెట్టి చదవడం, రాయడం నేర్పాడు. చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రపోతారని, ఆయన పిలిచేదాకా లేవరని చెప్పాడు. నేను అదే నమ్మాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. ఇది చదివాక నన్ను ఇంకోలా అనుకోవద్దని ముందే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మాట. మా ఇల్లు సంగారెడ్డి అవతల ఒక రాతిగుట్ట కింద ఉండేది. మా ఆయన పటాన్‌చెరులో ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయేవాడు. గుట్టకు అవతలి వైపు అప్పటికే రాయిని కంకర కొట్టే క్రషర్ నడుస్తోంది. బండలు పగలగొట్టే తూటాలు పేలినప్పుడల్లా మా వెనక గోడ పగులు కొంచెం పెరిగేది. ఇవతలి వైపు కూడా క్రషర్ వాళ్లు సర్కారును లీజుకు అడిగారని తెలిసింది. ఇస్తే మేము అక్కడ ఉండలేం. పోవడానికి ఇంకో చోటు లేదు.

ఆ రోజుల్లోనే సుజాత మేడం వచ్చింది. హైదరాబాద్‌లో కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ. రాళ్ల మీద పెరిగే పాచిని, రాతిపువ్వును వెతికి చూడటం ఆమె పని. రాతిపువ్వంటే నాకు మసాలాలో వేసేది ఒక్కటే తెలుసు. దానికి ఇంతమంది చుట్టాలున్నారని, రాయికి అంటుకుని పసుపుగా, బూడిదగా కనిపించే మచ్చలన్నీ ప్రాణమున్నవేనని ఆమె చెబితేనే తెలిసింది. ఫ్యాక్టరీల పొగకు ఇవి ఓర్చుకోలేవట. పటాన్‌చెరు దగ్గర రాళ్ల మీద వెతికినా దొరకనివి మా గుట్ట మీద ఇంకా బతికి ఉన్నాయని, ఈ వైపునైనా వదిలేయమని ఆమె పైవాళ్లకు రాసింది.

నీళ్ల డబ్బా, చెక్క చట్రం మోయడానికి మనిషి కావాలంటే నేను వెళ్లాను. ఆ పని దొరికినందుకు స్తోత్రం చెప్పుకోకుండా నిద్రపోయిన రోజు లేదు.

చట్రాన్ని రాయి మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసేవాళ్లం. అది ఒక గడి; దాని లోపల ఎంత పాచి ఉందో మేడం లెక్క రాసుకునేది. ఎండాకాలంలో పాచి నల్లగా, చచ్చినట్టు పడి ఉంటుంది. నీళ్లు తగిలితే కాసేపట్లోనే విప్పుకుని పచ్చబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది. అయితే నీళ్లు గీత దాటకూడదని మేడం గట్టిగా చెప్పేది. దాటితే పక్కనున్నది కూడా రంగు మారి, ఏది గడి లోపలిదో ఏది బయటిదో తెలియకుండా పోతుంది. ఏటవాలు రాయి మీద అది నాకెప్పుడూ కుదరలేదు. ఎంత మెల్లగా చిలకరించినా కిందికి ధార కట్టేది.

“మళ్లీ కాలువ తవ్వినవా రూతమ్మా?” అని మేడం నవ్వేది.

మే నెలలో ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ వైపు లీజుకు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చూసి రాసేదాన్ని బట్టి ఉంటుందన్నారు. గుట్ట ఎక్కడానికి ఒకటే దారి. అవతల క్రషర్ వాళ్లు నిలువుగా కోసేశారు, అటు నుంచి మనిషి ఎక్కలేడు. ముందు మేడం, తర్వాత ఆఫీసరు, అందరికన్నా వెనక నేను. సగం దారిలో నా కాలు జారింది. డబ్బా రాయికి కొట్టుకుని పగిలింది. చూస్తుండగానే నీళ్లన్నీ పోయాయి.

పైన మొదటి గడి దగ్గర ఆఫీసరు వంగి చూశాడు.

“దీనికోసమా అమ్మా నన్ను గింత ఎండల ఎక్కిచ్చింది? ఉడికిన చాయపత్తి పారబోసినట్టున్నది.”

“నీళ్లు తగిలితే పచ్చగైతది సార్. జెర ఆగుండ్రి, రూతమ్మ కిందికి పోయి తెస్తది,” అంది మేడం.

“నీళ్లు పోస్తే మా బాత్రూం గోడ గూడ పచ్చగైతది. నేనింకో ఊరు పోవాలె. దిగుదాం పాండ్రి.”

ప్రభువా, నా చేతులతోనే నా ఇల్లు పారబోసుకున్నానా అనుకున్నాను. ముందురోజు మేము చట్రాన్ని బండ వంపు అవతల, చివరి గడి దగ్గర వదిలేసి వచ్చాం. కనీసం దాన్నైనా తెద్దామని అటు వెళ్లాను.

ఆ గడి పచ్చగా ఉంది.

వరి నారు అంత పచ్చగా ఉంది. గీతకు లోపల పచ్చ, గీతకు బయట అదే పాచి నల్లగా, బొగ్గులా. నేను కేక వేస్తే ఇద్దరూ వచ్చారు.

“ఓహో, ముందుగాలనే తడిపి పెట్టిన్రా? మంచి నాటకమే,” అన్నాడు ఆఫీసరు. కానీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేడం దగ్గర భూతద్దం తీసుకుని లోపలిది చూశాడు, బయటిది చూశాడు. చాలాసేపు చూశాడు. “అరె, ఇది బతికే ఉన్నది గదా,” అన్నాడు. ఆ గొంతులో వెక్కిరింపు లేదు.

ఆయన దిగిపోయాక నేను చెయ్యి పెట్టి చూశాను. చుట్టూ రాయి పెనంలా కాలుతోంది. గడి లోపల చల్లగా ఉంది. ఆ బండ మా ఇంటి కప్పు కన్నా ఏటవాలుగా ఉంటుంది. అయినా గీత కింద ఒక్క చుక్క జారిన జాడ లేదు. గీత అంచున మెత్తటి క్రషర్ దుమ్ము పేరుకుని ఉంది. ఆ దుమ్ములో గుడ్డ నేత అచ్చు పడి ఉంది.

“పొద్దుగాల నువ్వు వచ్చినవా?” అంది మేడం.

“లేదు మేడం. మీరు పోసిన్రేమో అనుకున్న.”

ఆమె తల అడ్డంగా ఊపి, అక్కడే బండ మీద కూర్చుండిపోయింది. దుమ్ములోని ఆ అచ్చు చూస్తూ అంది, “మా సారు గిట్లనే చేసేటోడు. పోసేటోడు కాదు, తువాల తడిపి అద్దేటోడు. నాకే అంత ఓపిక లేక ఆ పద్ధతి ఇడిసిపెట్టిన.”

ఆమెకు ఈ పని నేర్పింది, ఈ గుట్టను మొదట చూపించింది ఆ సారేనట. ఆ ముందటి వానాకాలంలో చనిపోయారు. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

మేము మాట్లాడుతుండగానే ఎండకు ఆ పచ్చ ముడుచుకుపోయి మళ్లీ నల్లబడింది. అంటే ఆ తడి మేము పైకి చేరడానికి కాస్త ముందే తగిలి ఉండాలి. ఆ పూట దారిలో మాకు మనిషి ఎదురుపడలేదు. గొర్రెల కాపరులు ఎండాకాలంలో అంత పైకి రారు, పైన నీళ్లూ ఉండవు.

ఇంట్లో చెబితే మా ఆయన “ఎవలో పోసి పోయిన్రు తియ్” అన్నాడు. అత్తమ్మ మాత్రం “ఎవలైతేంది బిడ్డా, ఇల్లు నిలిస్తే సాలు” అంది. ఇవతలి వైపు లీజు రాలేదు. ఆ పచ్చను చూసి ఆపారో, ఇంకేదైనా కారణం ఉందో మాకెవరూ చెప్పలేదు.

దేవుడే చేశాడని ఒక్క మాట అనేస్తే నాకు సులువు. ఆ రాత్రి ప్రార్థనలో ఆయనకే స్తోత్రం చెప్పుకున్నాను. కానీ దేవుడు తడపాలనుకుంటే వాన కురిపిస్తాడు కదా. గీత దాటకుండా గుడ్డతో అద్దడం ఒక మనిషి అలవాటు. ఆ రెండింటినీ ఎలా కలుపుకోవాలో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.

మేడం ఆ తర్వాత కూడా కొన్ని ఎండాకాలాలు వచ్చింది. నేను మళ్లీ నీళ్లు చిలకరించలేదు. పాత తువాలు తడిపి, పిండి, గడిలో అంచు నుంచి అంచుకు అద్దేదాన్ని. చాలాసేపు పట్టేది. మేడం ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.