ఎర్రబడని అర్జీ

మా ఆయన పోయాక, ఆయన ఫ్యాక్టరీ ఇచ్చిన మెడికల్ కార్డు నా పేరుకు మారాలి. అది లేకపోతే నాకు బీపీ మందులివ్వరు. ఈ హిందీ ఊళ్లో ఫ్యాక్టరీ ఆఫీసు గుమాస్తా మా శ్రీకాకుళం వాడే, అయినా హిందీవాళ్లలా మాతాజీ అంటాడు. "మాతాజీ, పాత అర్జీ రద్దయింది. కొత్తది పెట్టండి." నాలుగుసార్లు పెట్టాను.

ఇదే ఊళ్లో, నెహ్రూ నగర్‌లో మా చెల్లెలి కూతురు ఇంట్లోంచే ఏదో కంపెనీ డేటాబేస్‌కి కాపలా కాస్తుంది. ఒకరోజు తెర మీద ఒక వరస ఎర్రబడింది.

"ఏటే అది?"

"ఎవరో అడిగిన క్వెరీకి జవాబింకా రాలేదు పెద్దమ్మా. ఎప్పుడు మొదలైందో ఈ టూల్ చూసుకుంటాది. గడువు దాటితే ఎర్రగా చూపిస్తాది."

"గడువులోగా ఆపేసి, మళ్లీ అడిగితే?"

"లెక్క సున్నా నుంచి మొదలవుతాది. అలా ఎన్నిసార్లు చేసినా ఎర్రబడదు."

నా ఒళ్లు మండిపోయింది. అర్జీ గడువు దాటేలోగా రద్దు చేసి, మళ్లీ కొత్తది పెట్టించి, ఆ గుమాస్తా నాకు చేసింది అదే. వాడి పుస్తకంలో నేనెప్పుడూ నిన్న వచ్చినదాన్నే.

మర్నాడు వాడు మళ్లీ కొత్త ఫారం తోశాడు. దాన్ని వెనక్కి నెట్టి, మొదటి అర్జీ రసీదు బల్ల మీద కొట్టాను.

"దీని మీద తారీకు సదవరా! నాకు సదువు రాదు. గట్టిగా సదువు, అందరూ ఇనాల!"

వాడు రసీదు పక్కకు తోశాడు. నా వెనక నిలబడ్డ రిటైరైన ముసలాయన రసీదు అందుకుని గట్టిగా చదివాడు. నెలల కిందటి ఆ తారీకు విని, లోపలి గదిలోంచి పెద్దాఫీసరు లేచి వచ్చాడు.