మేము బూజు పట్టిందనుకున్న పాట

మా చిన్నప్పుడు... పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంట్లో క్యాసెట్లన్నీ బియ్యం డబ్బాలో ఉండేవి. సముద్రపు తేమకి టేపు బూజు పట్టేది కదా, బియ్యం ఆ తేమ లాగేస్తుందని అమ్మ నమ్మకం. సోలతో బియ్యం తీస్తుంటే ఒక్కోసారి క్యాసెట్ కూడా పైకొచ్చేది.

ఓడలో పనిచేసే మా చిన్నాన్న ఓసారి మద్రాసు ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్ తెచ్చాడు. అట్ట లేదు, పేరు లేదు. ఏదో విదేశీ రాక్ బ్యాండు అన్నాడంతే. తీరా పెట్టి చూస్తే... డ్రమ్స్ ఒక దారి, గిటార్ ఒక దారి. మధ్యలో శాక్సఫోన్ వచ్చి ఇద్దర్నీ వెక్కిరిస్తుంది. పాట సగమయ్యాక గానీ పాడేవాడు నోరు విప్పడు. పైగా ప్రతి వరసలోనూ ఎక్కడో అడుగు తప్పినట్టు ఓ తడబాటు.

బూజు పట్టేసిందని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేశారు. నాన్న టేప్ రికార్డర్ హెడ్డు స్పిరిట్‌తో తుడిచారు. క్యాసెట్‌ని వారం రోజులు బియ్యంలో పూడ్చారు. తీసి పెడితే మళ్ళీ అదే గోల!

నాకేమో ఆ గోలే పట్టుకుంది. స్కూలు నుంచి రాగానే అదే వినేదాన్ని...

ఇంతలో క్రిస్మస్ దగ్గరపడింది. మా తెలుగు చర్చి సంఘం పాటలు రికార్డు చేసి ఫెరార్గంజ్ ఊళ్ళో ఉన్న మనవాళ్ళకి పంపాలి, వాళ్ళు విని నేర్చుకోవాలి. మద్రాసు నుంచి సరుకుల ఓడ రాలేదు, ఖాళీ క్యాసెట్ ఎక్కడా లేదు. నాన్న దీన్నే తీశారు. పాత పాట చెరిగిపోకుండా క్యాసెట్ అంచున రెండు కంతలుంటాయి, వాటిని ప్లాస్టర్‌తో మూసేస్తే మళ్ళీ రికార్డు చేయొచ్చు; అవీ మూసేశారు. ఇక కీర్తనలు ఎక్కించారంటే నా పాట పోయినట్టే. ఏడుపు ఆగలేదు నాకు.

నాన్న చర్చిలో డోలక్ వాయించేవారు. ఆయన దగ్గర ఏడిస్తే పని జరగదని తెలుసు, అందుకే తాళం లెక్క అడిగాను.

"నాన్నా, ఖరాబ్ అయితే ప్రతిసారీ అదే జాగాలో ఎందుకు తడబడతాది?"

నాన్న క్యాసెట్ మొదటికి తిప్పి, డోలక్ ఒళ్ళో పెట్టుకున్నారు. నాలుగు దెబ్బల లెక్కన వాయించారు, తప్పింది. మూడు లెక్కన... మళ్ళీ తప్పింది. ఆపేసి కళ్ళు మూసుకుని విన్నారు. కాసేపటికి ఆయన చెయ్యీ పాటా కలిసి నడిచాయి.

"అరే, ఇది ఖరాబ్ అవ్వలేదు. ఏడు లెక్క మీద కొడతన్నాడు ఈ భయ్యా. మనకే తెల్లేదు."

ప్లాస్టర్ పీకేశారు. సంఘంవాళ్ళని ఇంకో ఓడ వచ్చేదాకా ఆగమన్నారు. పాటలు నేర్పే ఆంటీ పదిరోజులు మాతో ముభావంగానే ఉంది. అది చాలదన్నట్టు క్రిస్మస్ రోజు నాన్న ఓ కీర్తనకి ఏడు దెబ్బలు వేసి చూశారు... చప్పట్లు కొట్టేవాళ్ళ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నాకు మాత్రం అంత మంచి క్రిస్మస్ మళ్ళీ రాలేదు.

ఈమధ్య ఫోన్‌లో వెతికితే ఆ ఆల్బమ్ దొరికింది. జాజ్ కలిపిన ప్రయోగాత్మక ప్రోగ్రెసివ్ రాక్ అట! కొత్తగా వినేవాళ్ళకి నా మాట ఒక్కటే... ముందు డ్రమ్స్‌ని వదిలేసి బేస్ గిటార్ వెంట నడవండి. రెండు మూడుసార్లు వింటే దారి తెలుస్తుంది.

కానీ ఇప్పుడు మూడోసారి వినేదెవరు? అరనిమిషంలో నచ్చకపోతే వేలితో తోసేస్తాం, నేనూ అంతే. అప్పుడు గతిలేక విన్నాం... పక్కన ఇంకో వంద పాటలుంటే, నాన్నా నేనూ దాన్ని ఇప్పటికీ చెడిపోయిందనే అనుకునేవాళ్ళం.

మీరూ అలా మొదట చీదరించుకుని, తర్వాత మనసిచ్చేసిన పాట ఉంటే చెప్పండి... తోసెయ్యకుండా చివరిదాకా వింటాను.