పాలు పొంగిన పొయ్యి

మా అత్తమ్మకు నాకన్నా ఆ గ్లాసు పొయ్యే ఎక్కువ. అబద్ధం కాదు. నేను కోడలిగా వచ్చిన ఏడాదే, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పాత స్టవ్ ఇచ్చేసి అబిడ్స్ నుంచి మా ఆయన దాన్ని తెచ్చాడు. నల్లటి అద్దం, మూడు బర్నర్లు. నాంపల్లిలో మా మూడంతస్తుల బిల్డింగుకంతా అదే మొదటిది. ఎవరొచ్చినా అత్తమ్మ ముందు వంటింట్లోకి తీసుకుపోయేది. నన్ను చూపించడం ఆ తర్వాత, అదీ గుర్తుంటే.

బిగించడానికి వచ్చిన దుకాణం మనిషి చెప్పిన జాగ్రత్తలు మా ఇంట్లో చెవిన పెట్టింది ఒక్కరే, పనిచేసే పెద్దమ్మ. ఆమెది మెదక్ వైపు పల్లె. భర్త పోయాక పట్నం వచ్చి మా ఇంట్లో కుదురుకుంది. మేడ మీద రేకుల గదిలో ఉండేది, కిరాయి లేదు. పని ఉన్నన్నాళ్లే ఆ గది. పని పోతే గదీ పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అత్తమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

పాత స్టవ్‌ను బూడిద వేసి, కొబ్బరి పీచుతో బరబరా తోమిన చేతులు గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మారిపోయాయి. వంట అయ్యాక అద్దం మీద అరచెయ్యి ఆనించి చూసేది. చల్లారిందని నమ్మకం కుదిరాకే గుడ్డ ముట్టేది. పాత బనియను గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒక్క చుక్క సబ్బునీళ్లు వేసి తుడిచేది. పప్పు మరక ఎండిపోతే దాని మీద తడిగుడ్డ పరిచి, కూరగాయలు తరిగి వచ్చి, నానాక తీసేది. బర్నర్లు చింతపండు నీళ్లలో నానేసి, కడిగి, సూదితో చిల్లులు పొడిచేది. చివర పొడిగుడ్డతో తుడిచి, పక్కకు వంగి వెలుతురుకు చూసేది. మూడేళ్లలో దాని మీద ఒక్క గీత పడలేదు.

"జర ఓపిక పట్టాలె బిడ్డా, వేడి మీద తడి తగిలితే పలుగుతదంట," అని నాకు పదిసార్లు చెప్పింది. నేను ఔ, ఔ అన్నాను. అత్తమ్మ నన్ను కసురుకున్న రోజుల్లో నా కంచంలో ఇంకో ముద్ద పెట్టి, తినేదాకా కదలని మనిషి ఆమె.

మా ఊళ్లో అమ్మకు ఒక పట్టింపు ఉండేది. పాలు పొంగి పొయ్యిలో పడితే పాలిచ్చిన బర్రె పొదుగు మండుతుందట. వెంటనే పొయ్యి మీద నీళ్లు చల్లి, తప్పయిందని దండం పెట్టాలి. చిన్నప్పటి నుంచి చూసీ చేసీ అది నా చేతికి పట్టేసింది. మట్టి పొయ్యి కాబట్టి దానికేమీ అయ్యేది కాదు.

ఆ పొద్దున అత్తమ్మ పండ్ల కోసం మొజంజాహీ మార్కెట్‌కు పోయింది. ఇంటికి చుట్టాలు వచ్చేది ఉంది. పెద్దమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నేను సేమ్యా పాయసానికి పాలు పెట్టి, ఏదో ధ్యాసలో పడ్డాను. పాలు బుస్సున పొంగి అద్దమంతా పారాయి. మంట కట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. బిందెలోంచి చెంబెడు నీళ్లు తీసి కుమ్మరించాను. దండం పెట్టేలోపే ఫట్‌మని పేలి, అద్దం పటికబెల్లం పలుకుల్లా గట్టు మీదా నేల మీదా రాలింది.

చప్పుడుకు పెద్దమ్మ మెట్లు దిగి ఉరికొచ్చింది. "కాళ్లు కదపకు, గాడనే ఉండు," అని చీపురు తీసి నా పాదాల చుట్టూ ఊడ్చింది. అత్తమ్మ లోపలికి వచ్చేసరికి గాజు నిండిన చేట ఆమె చేతిలో ఉంది. ఇంకేముంది, తీర్పు అయిపోయింది.

"వేడి మీద తడిబట్ట పెట్టినవా? పలగ్గొట్టినవ్ గదా?"

"నేను గాదమ్మా. నేను మీద బట్టలు ఆరేస్తున్న," అని ఆమె నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. నేను చెబుతానని పూర్తి నమ్మకంతో చూసింది.

అత్తమ్మ నా వైపు తిరిగి అడిగింది. "ఏందే, నువ్వా?"

నన్ను ఎవరూ అడగలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. "నేను సూడలే అత్తమ్మా, ముందటి అర్రల ఉన్న," అన్నాను.

నిజం చెబితే ఏమయ్యేది? నాలుగు తిట్లు, పది రోజులు పుట్టింటి మీద దెప్పిపొడుపులు. నన్ను ఇంట్లోంచి గెంటేవాళ్లు కారు కదా. ఆమెను గెంటుతారని తెలిసే ఆ మాట అన్నాను. భయమేసిందని ఇన్నేళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఛీ, సిగ్గులేని దాన్ని.

సాయంత్రానికల్లా ఆమె ట్రంకు పెట్టె, బొంత పట్టుకుని దిగిపోయింది. కాచిగూడలో ఎవరో తెలిసినవాళ్లు ఉన్నారట. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

వారంలో ఇంకో గ్లాసు పొయ్యి వచ్చింది. దాన్ని తుడవడం నా వంతయింది. పెద్దమ్మ చేసినట్టే అరచెయ్యి ఆనించి, బనియను గుడ్డతో తుడిచేదాన్ని. "మా కోడలు పొయ్యిని ఎంత మంచిగ పెట్టుకుంటదో," అని అత్తమ్మ చుట్టాలతో అంది. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

రెండేళ్లకు నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హోటల్ వెనక, అంట్ల కుప్ప ముందు పెద్దమ్మ కనిపించింది. తప్పుకుని పోబోయాను. ఆమే పిలిచింది.

"మంచిగున్నవా బిడ్డా? గ్లాసు పొయ్యి మంచిగున్నదా?"

ఔ అన్నాను. ఎక్కడుంటున్నావని అడిగితే, "గీడనే, హోటల్ల. గిరాకి పోయినంక బల్లల నడుమ పండుకుంట," అంది. తర్వాత గిన్నె తోముతూనే నెమ్మదిగా అంది.

"మా ఊర్ల గూడ పాలు పొంగితే నీళ్లు సల్లుతరు. గా చెంబు గట్టు మీదనే ఉండె, మీ అత్తమ్మ రాకముందే నేనే తీసి పక్కకు పెట్టిన. నువ్వు జెప్తవనుకున్న బిడ్డా."

ఇప్పటికీ పాలు పొంగితే నా చెయ్యి చెంబు మీదికే పోతుంది. గ్లాసు పగులుతుందని టక్కున ఆపుకుంటాను. అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పొయ్యి పగలగొట్టింది పెద్దమ్మేనని అనుకుంటూనే పోయింది.