నూరు దాటిన జ్వరం

మదనపల్లె మార్కెట్ యార్డు పక్కన పోతున్నప్పుడు, ఎండకు పగిలి కారిన టమాటల పుల్లటి వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ ముక్కు మూసుకొని గబగబా దాటేస్తాను. టమాటల మీద బతికిన ఇంటి పిల్లను, ఆ వాసనే గిట్టదంటే జనం నవ్విపోతారు.

మా ఊరు పుంగనూరుకు దగ్గర. నాకు పదేళ్ళప్పుడు అమ్మకు రొమ్ములో గడ్డ తీసేసి, మూడు వారాలకొకసారి బెంగళూరులో కీమో ఎక్కించేవాళ్ళు. కుప్పం దాకా బస్సు, ఆడినుంచి రైలు. తిరిగొచ్చినాక వారం రోజులు మా ఇంట్లో తాలింపు లేదు, టమాట కోసేది లేదు. ఆ వాసనకే అమ్మ వాంతికి చెంబు అందుకునేది. మా అవ్వ, అంటే నాయన్ని కన్నతల్లి, ఇంటి వెనక వేరే పొయ్యి పెట్టుకొని, రాగి అంబలి పలచగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి, గంటకొక గుక్క తాపించేది. నోరు పూస్తే ఉప్పునీళ్ళు కలిపిచ్చి పుక్కిలింపించడం నా పని. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే, అవ్వే గుండు చేయించి, తన పాత నూలుచీర చింపి తలకు చుట్టి, "తిరపతిలో ఇచ్చినామనుకోమ్మా, మళ్ళా వస్తాది" అంది. అట్లాంటి మనిషి. ఆమెను ఎవరైనా చెడ్డదంటే నాకు కోపమొస్తుంది.

నాలుగో కీమో అయిన తొమ్మిదో రోజు పొద్దున అమ్మ ఒళ్ళు కాలిపోతోంది. నోటినిండా పుళ్ళు, వీపు మీద ఎర్రటి పొక్కులు. అవ్వ చూసి చేతులు జోడించింది.

"అమ్మోరు పోసిండాది."

వేపమండలు విరిచి తెచ్చి పక్కలో పరిచింది, గుమ్మానికి కట్టింది, పసుపునీళ్ళు చల్లింది. అమ్మోరు పోస్తే మా వైపు సూది మాట ఎత్తకూడదు, ఎత్తితే తల్లికి కోపం. నాయనేమో కాయలేసుకొని తెల్లారుజామునే మదనపల్లెకు పోయినాడు.

బెంగళూరు నర్సు నాకు థర్మామీటరు చూడడం నేర్పింది, ఇంట్లో అంకెలు గబుక్కున చదివేది నేనేనని. ఈ మందుకు ఒంట్లో తట్టుకునే శక్తి పోతుంది, జ్వరం నూరు దాటితే గంట కూడా ఆగొద్దు అని రెండుసార్లు చెప్పింది. పెట్టి చూస్తే నూటరెండు.

"అవ్వా, ఆసుపత్రికి పోవల్ల."

"నోర్ముయ్ మే! తల్లి ఇంట్లో ఉండంగా ఏం మాటలవి? కండ్లు పోతాయి."

అబ్బా, ఆ భయం! పోతే అమ్మోరు అమ్మను తీసుకుపోతుంది, పోకుంటే జ్వరం తీసుకుపోతుంది, ఏది జరిగినా చేసింది నేనే అవుతాను. సిగ్గు విడిచి చెప్తున్నా, నిలబడ్డచోటే పావడ తడుపుకున్నాను. ఆ తడి పావడతోనే మూడిళ్ళ అవతల ఆటో తోలే మస్తాన్ మామ దగ్గరికి పరుగెత్తాను. "అమ్మకు నూటరెండు మామా" అన్నాను, ఏడుపులో ఇంకేం రాలేదు. ఆయన తాగుతున్న టీ కింద పెట్టి ఆటో తీశాడు.

అవ్వ గడపకు అడ్డం నిలబడింది. "యాల వచ్చినావు మస్తానూ? ఈడ తల్లి ఉండాది."

మంచంలోంచి అమ్మ, ఆ పుళ్ళ నోటితోనే, "అత్తా, ఆ తల్లికీ బిడ్డలుంటారు. నన్ను పోనీ" అంది.

అవ్వ పక్కకు జరిగింది.

పుంగనూరు ఆసుపత్రిలో సూదిమందు మొదలుపెట్టి, బెంగళూరుకు ఫోన్ చేసి, అంబులెన్సులో పంపారు. అది అమ్మోరు కాదు, తెల్లకణాలు అడుగంటి పట్టుకున్న జ్వరమన్నారు. సాయంత్రం దాకా ఆగింటే దక్కేది కాదన్నారు. అమ్మ ఇంటికొచ్చినాక అవ్వ రోజూ పొద్దునే థర్మామీటరు నా చేతిలో పెట్టి, "ఎంతుండాది?" అని అడిగి, నేను చెప్పేదాకా కాఫీ ముట్టేది కాదు.

అవ్వ పోయింది, మస్తాన్ మామా పోయాడు. అమ్మోరు పోసినా ఇప్పుడు ఊళ్ళో వాళ్ళు నేరుగా డాక్టరు దగ్గరికే పోతున్నారు. అమ్మ మదనపల్లెలో నా దగ్గరే ఉంది, అరవై దాటింది, పరీక్షలన్నీ బాగానే వస్తున్నాయి. అన్నీ మారాయి గానీ, ఆ భయం మాత్రం పోలేదు. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే మెల్లగా పోయి నుదుటి మీద చెయ్యి పెడతాను.

కండ్లు తెరవకుండానే అంటుంది, "సల్లగానే ఉండాను, పో పాపా."