సరోజక్క నోట్‌బుక్ మీద నా అనుమానం

నిన్న పొద్దుగాల ఫోన్ వచ్చింది. "సరోజక్క పోయింది" అన్నరు.

నమ్మలే. "ఏ సరోజ?" అని రెండుసార్లు అడిగిన. మొన్ననే కదా, బీపీ గోలీలు మర్చిపోయినందుకు నన్ను ఫోన్‌ల గట్టిగ కోప్పడ్డది.

హార్ట్ అటాకంట.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. మా బాన్సువాడ దవాఖానల ఏండ్ల తరబడి కాన్పులు చేసిన స్టాఫ్ నర్స్ ఆమె. నేను ఆమె చేతికింద ఏఎన్ఎం.

తొంభైల చివర్ల ముచ్చట. నలభై దాటినంక ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతా అన్నది. అది గూడ కాన్పుల మీదనే పీజీ.

మాకు ఒకటే డౌట్. ఇన్ని కాన్పులు చేసినామెకు ఇగ చదువెందుకు? ప్రమోషన్ కోసమా? మా మీద పెత్తనానికా? హైదరాబాద్‌ల సెటిలయ్యే ప్లానా?

పైంగ ఆమె జేబుల ఒక చిన్న నోట్‌బుక్. ప్రతి కాన్పు అయినంక ఏదో రాస్తుండె. నేను దగ్గరికి పోతే మూస్తుండె.

గప్పుడే కోటగిరి నుంచి వచ్చిన ఒకామె, కాన్పు అయినంక రక్తం ఆగక చనిపోయింది. ఆ డ్యూటీల అక్కతోని నేను గూడ ఉన్న. ఇగ నాకు ఖాయమైంది, అక్క నా మీదనే కంప్లైంట్ రాస్తుందని.

ఆమె చదువు పర్మిషన్ కాయితం పెద్ద సార్ టేబుల్ మీదుందని తెలిసి, నేనే పోయిన.

"సార్, ఆమె పోతే వాపస్ రాదు. మా అందరి మీద రిపోర్టులు రాస్తుంది."

ఆ ఏడు పర్మిషన్ రాలే.

ఒకరోజు మధ్యాహ్నం అక్క తినవోయింది. ఏప్రాన్ కుర్చీ మీదుంది. నోట్‌బుక్ తీసి చూసిన.

"కోటగిరి తల్లి. మూడో కాన్పు. ఎంత రక్తం పోయిందో కండ్లతోనే అంచనా వేసిన. తప్పు నాదేనా? ముందే ఎట్ల పసిగట్టాలె?"

పేజీలు తిప్పిన. అన్నీ గిట్లాంటివే. ఎక్కడ నా పేరు లేదు.

ఆమె అనుమానమంతా ఆమె మీదనే.

తలెత్తితే, దర్వాజ కాడ అక్క.

"సార్‌కు నువ్వు ఏం చెప్పినవో నాకు ఎరుకనే" అన్నది. "వచ్చే ఏడు మళ్ల కాయితం పెడ్త. అప్పుడు పోయి ఉన్నదున్నట్టు చెప్పు."

పోయిన. చెప్పిన. సార్ నన్ను తిట్టిండు, ఆమెకు సంతకం పెట్టిండు.

రెండేండ్లు చదివింది. తిరిగొస్తదని అప్పుడు గూడ నేను నమ్మలే.

వచ్చింది. గదే లేబర్ రూమ్‌కు.

వచ్చుడుతోనే అంచనాలు బంద్ చేయించింది. పోయిన రక్తం కొలవాలె, తడిసిన బట్టలు తూకమెయ్యాలె. "గింత అవసరమా" అని మేం గొణిగినం.

నస్రుల్లాబాద్ పిల్ల ఒకతె, తొలి కాన్పు. చూపుకు మంచిగనే ఉంది. బట్టలు తూకమేస్తే రక్తం మస్తు పోయిందని తేలింది, అక్కను కేకేసిన. అక్క వెంటనే రక్తం ఆగే సూది ఇచ్చి, ఆ పిల్ల పొత్తికడుపు రుద్దుకుంటనే నిజామాబాద్‌కు బండి మాట్లాడించింది. తాను గూడ ఎక్కింది.

ఆ పిల్ల బతికింది.

నిన్న మన దవాఖానోళ్ల వాట్సాప్ గ్రూపుల ఎవరో రాసిన్రు, "పాపం, అక్కకు చదువుకునే అవకాశం లేటుగ వచ్చింది" అని.

లేటుగ రాలే. ఒక ఏడు నేను ఆపిన.

ఆమె ఎవ్వరికీ చెప్పలే. నేనూ చెప్పలే. నన్ను మాఫ్ చేసినవా అని అడిగే ధైర్యం ఇన్నేండ్లల్ల రాలే.

పోయి రా సరోజక్కా. ఏ ఫికర్ లేకుంట నిమ్మలంగ ఉండు.