అరగని అన్నం సాక్ష్యం

నూకరత్నం నోటి సంగతి మొగల్తూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పాతికేళ్లు ఊళ్లు తిరిగిన మనిషి. బేరమాడి కొనకుండా వెళ్లినవాళ్లను వీధి చివరిదాకా తిట్టుకుంటూ పోయేది. అలాంటి నోట్లోంచి ముద్ద లోపలికి దిగడం మానేసింది.

మొదట్లో అన్నం గుండెల దగ్గర ఆగేది. నీళ్లు తాగి దించుకునేది. ఏడాది తిరిగేసరికి నీళ్లూ ఆగిపోయాయి. పడుకుంటే చాలు, తిన్నది తిన్నట్టే నోట్లోకి వచ్చేసేది. మనిషి సగమైంది.

బుద్ధున్నవాళ్లయితే డాక్టరు దగ్గరికి పోతారు. మా వీధికి బుద్ధెక్కడిది? పెట్టుడు మందని తేల్చేశారు. ఎవరో అన్నంలో కలిపి పెట్టారట, అది లోపల అంటుకుపోయిందట. ఆ ఇంట్లో అన్నం వండి పెట్టేది కోడలు లోవలక్ష్మి ఒక్కతే. పైగా అన్నవరం వైపు నుంచి వచ్చిన పరాయి ఊరి పిల్ల. ఇంకేం కావాలి!

కొడుకు వీరబాబు సముద్రంలో బోటు తిరగబడినా బెదరడు. తల్లి గొంతు లేస్తే మాత్రం గోడకు అతుక్కుపోతాడు. తల్లిని మండపేట అవతల వీరబ్రహ్మం అనే మందు కక్కించే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ మహానుభావుడు ఏదో పసరు తాగించి వీపు మీద చరిచాడు. ముందురోజు తిన్న అన్నం మెతుకు మెతుకుగా బయటికొచ్చింది. దాన్ని పళ్లెంలో తిప్పి చూపించి, "చూశారాండి, అరగనే లేదు. ఇంటి ఆడమనిషి చేతి ముద్దండి ఇది" అన్నాడు. వీరబాబు ఆ పళ్లేన్ని ఫొటో తీసి వీధంతా చూపించాడు. సిగ్గులేని మనిషి.

"అమ్మకి తగ్గకపోతే నువ్వు మీ ఊరు పోదువుగాని" అని పెళ్లానికి చెప్పేశాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. లోవలక్ష్మి జావ కాచి అరుగు మీదికి తేవాలి. అందరూ చూస్తుండగా ముందు తనొక గుక్క తాగాలి. ఆ తర్వాతే అత్త ముట్టుకుంటుంది. ఆ భాగ్యం చూడ్డానికి పూటకు పదిమంది చేరేవారు. ముందు వరసలో పక్కింటి హెలెన్ టీచరు, అంటే నేనే. పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం చెప్పి జీతం తీసుకునేదాన్ని. నోరు విప్పలేదు. నూకరత్నం తిట్లకు భయపడ్డాను, అంతే.

అత్త కక్కినదంతా ఎత్తిపోసేది లోవలక్ష్మే. ఒకరోజు మా ఇంటికొచ్చి, "టీచరుగారండీ, అత్త కక్కినదాంట్లో పులుపు వాసనే రావట్లేదండి. కడుపులోకి వెళ్తే పులవాలి కదండీ?" అంది.

పదో తరగతి తప్పిన పిల్లకు తట్టింది నాకు తట్టలేదు. మర్నాడే ముగ్గురినీ వెంటబెట్టుకుని రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరు తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశాడు. గొట్టం వేసి కూడా చూశాడు. అన్నవాహిక కింది చివర కండరం బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదనీ, తిన్నదంతా దాని పైనే నిలిచిపోతోందనీ చెప్పాడు.

వీరబాబు ఫోను తీసి పళ్లెం ఫొటో చూపించాడు. "మరి ఈ అన్నం అరగలేదేంటండి?"

"కడుపులోకే వెళ్లని అన్నం ఎలా అరుగుతుందండి?" అన్నాడు డాక్టరు.

వీరబాబు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పొట్ట మీద అయిదు చిన్న గాట్లు పెట్టి, కెమెరా లోపలికి పంపి, ఆ కండరాన్ని కోసి వదులు చేశారు. రెండు రోజుల తర్వాత పల్చటి జావ పట్టమన్నారు.

లోవలక్ష్మి జావ గిన్నె తెచ్చింది. మంచం పక్కన వీరబాబూ నేనూ ఉన్నాం. ఆమె గిన్నె ఎత్తి మాకు కనబడేలా ఒక గుక్క తాగింది. మూతి తుడుచుకుని, అప్పుడు అత్తకు అందించింది.

"ఇప్పుడు నిన్నెవరు తాగమన్నారే?" అంది నూకరత్నం.

"మానెయ్యమని కూడా ఎవరూ అనలేదు కదత్తా" అంది లోవలక్ష్మి.

నూకరత్నం గిన్నె అందుకుని తాగింది. జావ ఎక్కడా ఆగకుండా దిగిపోయింది.